మా బోయిన్‌పల్లి కల్లు కాంపౌండు – నాడు, నేడు



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, దేవాలయం గురించో, చెరువు గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను కల్లు కాంపౌండు గురించి రాస్తానంటే ఒక్క క్షణం ఆలోచించి, "మీరు ఆబ్కారీ శాఖలో చేశారు కదా, మీరు రాస్తేనే బాగుంటుంది" అన్నారు. మా ఇంట్లో మాత్రం ఇంత సులువుగా అనుమతి దొరకలేదు. "పింఛనుదార్ల పత్రికలో తాగుడు గురించా? మనవలు చదువుతారండీ" అంది మా ఆవిడ. మనవలు చదవాలనే రాస్తున్నానని చెప్పాను.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కనుక ముందే ఒక మాట. ఇది తాగుడును మెచ్చుకునే వ్యాసం కాదు. ముప్పై అయిదేళ్లు ఆ శాఖలో గుమాస్తాగా ఫైళ్లు మోసినవాడిని, తాగుడు వల్ల కూలిన సంసారాల అర్జీలు చదివినవాడిని. కాని ఒక ఊరిలో వందేళ్లపాటు మనుషులు రోజూ సాయంత్రం కూడిన చోటు ఎలా పుట్టింది, ఎలా నడిచింది, దానిని "బాగు" చేసినప్పుడు ఏమి పోయింది అన్నది కూడా చరిత్రే. రాజుల చరిత్ర రాయడానికి పండితులు ఉన్నారు. కాంపౌండు చరిత్ర రాయడానికి గుమాస్తా చాలు.

ఊరు – చెట్లు

మన సికింద్రాబాదుకు మూడవ నిజాము సికిందర్ జా పేరు మీద 1806లో ఆ పేరు వచ్చిందని మీకందరికీ తెలుసు. 1798 ఒప్పందం తర్వాత వచ్చిన కంపెనీ సైన్యం కోసం వెలసిన దండు అది. అందుకే పాతవాళ్లు నేటికీ లష్కర్ అనే అంటారు. ఆ లష్కరుకు ఉత్తరాన, మేడ్చల్ మీదుగా నాగపూరు వెళ్లే బాటలో ఉన్న పల్లె మా బోయిన్‌పల్లి. ఇప్పుడు పాత బోయిన్‌పల్లి, కొత్త బోయిన్‌పల్లి అని రెండయింది. ఒకవైపు కంటోన్మెంటు, ఇంకొకవైపు నగరపాలక సంస్థ. మధ్యలో జాతీయ రహదారి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, కూరగాయల మార్కెట్ యార్డు.

మా పక్కనే తాడ్‌బండ్ ఉంది. అక్కడి వీరాంజనేయస్వామి గుడికి ప్రతి మంగళవారం వెళ్లే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. తాడ్ అంటే ఉర్దూలో తాటిచెట్టు. ఆ పేరు వింటే ఒకప్పుడు ఈ నేల ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన 1973 నాటికి కూడా మేడ్చల్ రోడ్డు దిగి రెండు ఫర్లాంగులు నడిస్తే తాళ్లు, ఈదులు వరుసగా కనబడేవి. పొలం గట్ల మీద తాళ్లు, వాగుల వెంట, చెరువు శిఖం అంచున ఈదులు.

ఈతచెట్టును చూసి ఎరుగని పిల్లల కోసం చెబుతున్నాను. తాటిచెట్టుకు గెలను గీస్తారు. ఈతచెట్టుకు మొవ్వు కింద బోదెనే చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మరుసటి ఏడు ఇంకో పక్క. అందుకే ముదిరిన ఈతచెట్టు మెట్లు కట్టినట్టు వంకరటింకరగా కనబడుతుంది. ఆ గాట్లు లెక్కపెట్టి ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పేవాళ్లు గీతవాళ్లు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు చెట్టును ఆరబెట్టేవాళ్లు. అట్లా ఆరబెట్టకపోతే చెట్టు చస్తుంది. ఈ చిన్న విషయాన్ని గుర్తు పెట్టుకోండి. తరువాత అవసరం వస్తుంది.

ఆబ్కారీ అంటే

ఆబ్ అంటే నీరు, కార్ అంటే పని. ఈ రెండు పారసీ మాటలు కలిసి మద్యం మీద వచ్చే రాబడికి పేరయ్యాయి. నిజాం రాజ్యంలో భూమిశిస్తు తర్వాత చెప్పుకోదగిన పెద్ద ఆదాయాలలో ఆబ్కారీ ఒకటి. హర్రాజు పాట పెట్టేవారు. ఎక్కువకు పాడిన గుత్తేదారుకు ఆ ప్రాంతపు చెట్ల మీద, దుకాణాల మీద హక్కు వచ్చేది. చెట్టు ఎక్కే గీతవాడు మాత్రం గుత్తేదారు కింద కూలివాడు. 1316 ఫసలీలో, అంటే ఇంగ్లీషు లెక్కలో 1906–07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. రాజ్యం పోయి, రాష్ట్రం మారి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా తెలంగాణ జిల్లాలలో ఆ చట్టమే నడిచింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చి దాని స్థానాన్ని తీసుకుంది. నేను చేరిన నాటికి చట్టం కొత్తదే గాని బీరువాలలో ఉర్దూ ఫైళ్లు ఇంకా ఉండేవి. వాటిని చదవగలిగిన ముసలి గుమాస్తాలకు ఆఫీసులో గొప్ప గౌరవం.

అవతల ఆంధ్ర ప్రాంతం కథ వేరు. అది మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం నుంచీ మద్యనిషేధం కింద ఉంది. నిషేధం వల్ల గీతవాళ్ల పొట్ట కొట్టినట్టయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధాన్ని పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దానిని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. ఆ వివాదం మీదే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరి ప్రభుత్వాన్ని దించినది కల్లు సమస్యే అంటే ఈనాటి పిల్లలు నమ్మరు. కల్లును చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఈ సంగతి చెబుతుంటాను.

తెలంగాణలో గీతవాళ్లు గుత్తేదారు నుంచి బయటపడటానికి సంఘాలు పెట్టుకున్నారు. నల్లగొండ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గారు ఈ పనిలో జీవితమంతా గడిపారు. కల్లుగీత సహకార సంఘాలు, చెట్టు గీసేవాడికే చెట్టు అనే పథకం – ఇవన్నీ అట్లా వచ్చినవే. మా సెక్షనులో ఈ రెండు పద్దులకూ వేరువేరు రిజిష్టర్లు ఉండేవి. చెట్లకు నంబర్లు వేసి, చెట్టుకు ఇంత అని పన్ను కట్టించుకుని, అక్టోబరు 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఏడాది లెక్క. ఏ ఊరి శివారులో ఎన్ని తాళ్లు, ఎన్ని ఈదులు ఉన్నాయో ఆ రిజిష్టరు చెప్పేది. గ్రామ పటంలో కూడా అంత వివరం ఉండదు.

నాటి కాంపౌండు

ఇక మా కాంపౌండు. పల్లెల్లో చెట్ల కిందే అమ్మే చోటును మండువ అంటారు. లష్కరు చుట్టుపక్కల మాత్రం చుట్టూ గోడ ఉండేది గనక కాంపౌండు అన్నారు. మాది ఎవరు ఎప్పుడు కట్టించారో చెప్పే రాయి ఏదీ లేదు. మట్టి గోడ, దాని మీద పెంకుల వరుస, పెద్ద చెక్క తలుపు, లోపల రెండు వేపచెట్లు, ఒక చింతచెట్టు. వేపచెట్ల కింద పొడుగు బండరాళ్లు. కూర్చోవడానికి అవే బెంచీలు. ఒక మూల పెద్ద కుండలు, లొట్లు. ఇంకో మూల చేద బావి. గోడ గూట్లో ఎల్లమ్మ తల్లి, దీపం.

పొద్దున చెట్టు నుంచి దించిన కల్లు కావడిలో, తర్వాత తర్వాత సైకిళ్ల మీద వచ్చేది. గీతవాడు మోకు, ముత్తాదు, నడుముకు కత్తిపొది అట్లాగే ఉంచుకుని వచ్చి లొట్టి దించేవాడు. తెల్లవారు జామున దించినది తియ్యగా, మధ్యాహ్నానికి కొంచెం పులుపు, సాయంత్రానికి ఘాటు. మరునాటికి కాడిలాగా పులిసిపోతుంది. గాలిలోని ఈస్టు దానంతట అదే పని చేస్తుంది. నాలుగైదు శాతం మత్తు ఎక్కుతుంది, అంతే. కల్లుకు నిలవ ఉండే గుణం లేదు. ఆ గుణం లేకపోవడమే దాని మంచితనం. నేటి చెట్టు నేటి మనిషికి.

సాయంత్రం అయిదు దాటితే జనం. తాపీమేస్త్రీలు, సున్నం కొట్టేవాళ్లు, లారీ డ్రైవర్లు, హమాలీలు, డెయిరీ ఫారం పనివాళ్లు, దండు నుంచి రిటైరైన సిపాయిలు. ఆడవాళ్లు కూడా వచ్చేవారు. ఇది కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగులకు వింతగా ఉండేది. మట్టి మోసిన తల్లి, గంప పక్కన పెట్టి, బండ మీద కూర్చుని, ఒక సీసా తాగి, పిల్లవాడికి గుడాలు కొనిపెట్టి ఇంటికి వెళ్లేది. ఆమెను ఎవరూ ఒక మాట అనేవారు కాదు. అన్నవాడిని దుకాణం పెద్ద గౌడ్ బయటకు పంపేవాడు. ఆయన చేతిలో కర్ర ఉండేది గాని దానిని ఎత్తగా నేను చూడలేదు. మూడో సీసా అడిగిన వాడితో, "ఇంటికి పో బిడ్డా, రేపు కూడ చెట్టు పారుతది" అనేవాడు.

నంజుకోవడానికి అమ్మే ఆడవాళ్లు గోడ వెంట వరుసగా కూర్చునేవారు. ఒకామె శనగ గుడాలు, ఒకామె ఎండుచేపల వేపుడు, ఒకామె బోటి, తలకాయ మాంసం. పల్లీల బండి తలుపు బయట. ఏడెనిమిది సంసారాలు ఆ గోడ నీడలో బతికాయి.

అయితే తాగడం ఒక్కటే అక్కడ జరిగిన పని కాదు. మరునాటి పనికి మేస్త్రీ మనుషులను మాట్లాడుకునేది అక్కడే. చిట్టీ పాట అక్కడే. పొలం గట్టు తగాదా పోలీసు స్టేషనుకు పోకుండా తీరేది అక్కడే. ఆషాఢ బోనాలకు ఏ బస్తీ ఘటం ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం అక్కడే. అమ్మవారికి సాక పోయడానికి ముంతలో కల్లు అక్కడి నుంచే వెళ్లేది. దానికి దుకాణదారు పైసా తీసుకునేవాడు కాదు. నేను కూడా నెలలో నాలుగైదు సాయంత్రాలు వెళ్లేవాడిని. అక్షరం రాని వాళ్లకు అర్జీలు రాసిపెట్టడం నా పని. రేషను కార్డు, కరెంటు మీటరు, వితంతు పింఛను, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలకు జవాబులు. నా ఫీజు గుడాల పొట్లం. ఆఫీసులో ఒక ఫైలు కదలడానికి పట్టే కాలంలో ఆ బండ మీద పది పనులు తేలేవి.

అన్నీ మంచే అని చెప్పను. జీతం రోజున కాంపౌండు తలుపు దగ్గర నిలబడి భర్త కోసం ఎదురుచూసే ఆడవాళ్లను చూశాను. తాగి చెట్టు నుంచి పడ్డవాళ్లు ఉన్నారు. తాగకుండా పడ్డవాళ్లు అంతకన్నా ఎక్కువ. మా సెక్షనుకు వచ్చిన ఎక్స్‌గ్రేషియా కాగితాలలో ఒకటే వాక్యం ఉండేది: మోకు తెగి పడిపోయి మరణించెను.

చెట్లు పోయాయి, కల్లు మిగిలింది

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. గుమాస్తా బుద్ధి పోదు కదా. ఒక దుకాణం రోజుకు వెయ్యి సీసాలు అమ్ముతుంది అనుకోండి. సీసాకు 650 మిల్లీలీటర్లు. మొత్తం 650 లీటర్లు. చెట్టుకు రోజుకు మూడు లీటర్లు వేసుకున్నా, 650 లీటర్లకు 217 చెట్లు రోజూ పారాలి. చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి గనక అసలు అంతకు రెట్టింపు చెట్లు కావాలి. అంటే ఒక్క దుకాణం వెనుక నాలుగు వందల చెట్లు నిలబడి ఉండాలి.

1980 తరువాత మా చుట్టూ ఆ చెట్లు ప్లాట్లయ్యాయి. గట్లు పోయాయి, చెరువు శిఖాలు పోయాయి. తాటిచెట్టు కల్లు ఇవ్వడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. నరకడానికి పావుగంట చాలు. చెట్లు తగ్గుతున్నకొద్దీ జనం పెరిగారు. దుకాణాలలో సీసాలు తగ్గలేదు. కల్లు దూరపు జిల్లాల నుంచి డ్రమ్ములలో రాసాగింది. పొద్దున దించినది సాయంత్రానికి పులిసిపోయే సరుకు వంద మైళ్లు ప్రయాణం చేసి తియ్యగా ఎట్లా ఉంటుంది? నీళ్లు, శాకరిన్ కలిపితే తీపి వస్తుంది. మత్తు కోసం క్లోరల్ హైడ్రేటు, డైజీపాం, ఆ తరువాత ఆల్ప్రజోలం. ఇవి నిద్రమందులు. అలవాటైన మనిషికి ఒక రోజు అందకపోతే చేతులు వణుకుతాయి, మతి చలిస్తుంది, ఫిట్స్ వస్తాయి. కల్లు మానేస్తే పిచ్చి పడుతుందని జనం అనుకోవడం ఇందువల్లే. ఆ పిచ్చి కల్లుది కాదు, మందుది.

ఈలోగా పైన పెద్ద మార్పులు వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం వల్ల 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది. కల్లును మాత్రం మినహాయించారు. 1997లో నిషేధాన్ని సడలించారు. ఆ రెండేళ్లూ బ్రాందీ మానలేనివాళ్లంతా కల్లు మీద పడ్డారు. చెట్లు మాత్రం పెరగలేదు. మిగిలినది మీరే ఊహించుకోండి. 2004లో జంటనగరాలలో కల్లు దుకాణాలు మూసివేశారు. చుట్టుపక్కల చెట్లే లేనప్పుడు నగరంలో కల్లు ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు లేదు. మా కాంపౌండు తలుపుకు తాళం పడిన సాయంత్రం చూశాను. గుడాలమ్మే అవ్వ తన తట్టను తలుపు ముందే దించుకుని కొన్నాళ్లు కూర్చుంది. తరువాత కనబడలేదు.

బాగు చేసిన తీరు

పదేళ్ల తరువాత, తెలంగాణ వచ్చిన 2014లోనే నగరంలో దుకాణాలు మళ్లీ తెరిచారు. గీత వృత్తివారు సంతోషించారు, నేను కూడా సంతోషించాను. మా కాంపౌండు మొదట పాత గోడల మధ్యే తెరుచుకుంది. కొన్నేళ్లకు ఒకరు లీజుకు తీసుకుని, దానిని పూర్తిగా కొత్తగా చేస్తున్నారని తెలిసింది. ఎవరు, ఏమిటి అన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు. ఆరు నెలలు రేకులు అడ్డం పెట్టి పని చేశారు. బోర్డు మీద బొమ్మ చూశాను. తాటిచెట్లు, కుండలు, పంచె కట్టిన మనిషి. ఆశ పడ్డాను.

తెరిచిన వారానికి మా పొరుగాయనతో కలిసి వెళ్లాను. మట్టి గోడ పోయి సిమెంటు గోడ, దాని మీద రంగులతో అదే తాటిచెట్టు బొమ్మ. వేపచెట్లు రెండూ లేవు. పార్కింగు కోసం తీసేశారట. చింతచెట్టు మొదలు చుట్టూ టైల్సు వేసి ఊపిరాడకుండా చేశారు. బండరాళ్ల స్థానంలో ప్లాస్టిక్ కుర్చీలు. రేకుల షెడ్డు, రెండు టీవీలు, రెండింటిలో రెండు వేరు పాటలు. కల్లు ఇనుప జాలీ వెనుక నుంచి, టోకెను మీద, ప్లాస్టిక్ సీసాలో. ఎల్లమ్మ తల్లి గూడు ఉన్న చోట క్యాషు కౌంటరు. తల్లి పటం దాని పైన, కరెంటు దీపాల దండతో.

గోడ వెంట కూర్చునే ఆడవాళ్లు ఎక్కడ అని అడిగాను. ఫాస్ట్‌ఫుడ్ కౌంటరును వేరే వాళ్లకు అద్దెకు ఇచ్చారట. బయటి తిండి లోపలికి తీసుకురాకూడదని బోర్డు. ఆడవాళ్ల కోసం "ఫ్యామిలీ సెక్షన్" అని ప్లైవుడ్ గదులు కట్టారు. వాటిలో ఆ రోజు ఎవరూ లేరు. ఒకప్పుడు అందరి మధ్య గౌరవంగా కూర్చున్న మట్టిపని తల్లిని గదిలో పెట్టి తలుపు వేస్తామంటే ఆమె ఎందుకు వస్తుంది?

ఒక మూల మాకు తెలిసిన పాత గీతవాడు కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. పలకరించాను.

"ఏం గౌడన్నా, కొత్త కాంపౌండు ఎట్లుంది?"

"మంచిగనే కట్టిన్రు సారూ. గోడ మీద చెట్టు గీసిన్రు చూసినవా? గా చెట్టుకు లొట్టి కడ్తె పారుతదా?"

"మరి ఈ కల్లు ఎక్కడిది?"

"ఏడికెల్లి వస్తదో నాకేం తెలుసు సారూ. డ్రమ్ములల్ల వస్తది. నేను చెట్టెక్కక ఇరవై ఏండ్లాయె. మా పోరగాడు కారు నడుపుతడు."

మేము ఒక సీసా తెప్పించుకుని గ్లాసులో పోసుకున్నాం. వాసన చూసి పక్కన పెట్టాం. పొరుగాయన "వందల ఫైళ్లు చూసినవారు, తాగకుండానే రిపోర్టు రాసేశారే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గోడలకు, కుర్చీలకు, దీపాలకు అంత ఖర్చు పెట్టారు. సీసాలో ఉన్నదానికి ఒక్క రూపాయి పెట్టలేదు. పూర్వం కాంపౌండులో గోడ మట్టిదైనా కల్లు నిజమైనది.

ఇతర చోట్ల

ఇంతకన్నా మంచి ఉద్దేశంతో జరిగిన ప్రయత్నం ఒకటి ఉంది. 2023 మే నెలలో హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. నీరా అంటే పులియని రసం. కుండ లోపల సున్నం పూసి, తెల్లవారక ముందే దించి, చల్లగా ఉంచితే పులియదు. తాగుడును గట్టిగా వ్యతిరేకించిన గాంధీగారే నీరాను, తాటిబెల్లాన్ని ప్రోత్సహించారు, గీతవాళ్లకు మరో దారి చూపాలని. ఆలోచన మంచిదే. కాని ఇక్కడ కూడా కథ చెట్టు దగ్గరకే వస్తుంది. తెల్లవారుజామున చెట్టెక్కే మనిషి, చెట్టు నుంచి గ్లాసు దాకా మంచు పెట్టె – ఇవి లేకుండా చెరువు ఒడ్డున ఎంత అందమైన భవనం కట్టినా అది భవనమే.

కేరళలో కల్లు షాపులకు కుటుంబాలతో వెళ్లి చేపల పులుసు, కర్రపెండలం తినడం ఆచారం. అక్కడ తిండి వల్ల కల్లు షాపుకు పరువు నిలిచింది. మన కాంపౌండులోనేమో ఆ తిండి వండే చేతులనే ముందు బయటకు పంపారు.

ఇంగ్లండులో ప్రతి పల్లెకూ ఒక పబ్బు ఉంటుందని చదివే ఉంటారు. అక్కడ కూడా మన కథే. పాతది మూతపడటం, లేదా కొన్నవాడు దానిని గుర్తుపట్టలేనట్టు మార్చడం. 2011లో వాళ్లు ఒక చట్టం చేసుకున్నారు. ఊరివాళ్లు ఒక చోటును ఊరికి విలువైన ఆస్తి అని జాబితాలో చేర్పించుకోవచ్చు. దానిని అమ్మదలిస్తే, ఊరివాళ్లు కొనడానికి డబ్బు కూడగట్టుకునేందుకు ఆరు నెలలు గడువు అడగవచ్చు. అట్లా వాటాలు వేసుకుని పబ్బులు నడుపుకుంటున్న పల్లెలు ఉన్నాయి. ఇది చదివినప్పుడు మన కల్లుగీత సహకార సంఘాలు గుర్తుకు వచ్చాయి. వాళ్లు ఇప్పుడు కనిపెట్టినది మన రిజిష్టర్లలో ఏనాటి నుంచో ఉన్నదే.

మనం చేయగలిగినది

2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. కూకట్‌పల్లి మనకు ఎంత దూరమో మీకు తెలుసు. పోయినవాళ్లు రోజు కూలి చేసుకునే పేదలు. పేపరులో ఆ వార్త చదువుతుంటే నాకు ఆ పాత వేపచెట్ల కింది బండరాళ్లే కళ్ల ముందు మెదిలాయి. ఇట్లాంటివాళ్లే అక్కడ కూర్చునేవారు, రెండు సీసాలు తాగి, క్షేమంగా ఇంటికి వెళ్లేవారు.

అందరినీ మూసివేయమనడం సులువు. 2004లో అదే చేశాం. తాగేవాళ్లు మానలేదు, వేరే చోట వేరే సరుకు వెతుక్కున్నారు. ముప్పై అయిదేళ్ల ఫైళ్ల అనుభవంతో నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, దుకాణానికి లైసెన్సు ఇచ్చేముందు దాని వెనుక చెట్లు చూడాలి. సీసాల లెక్కకు చెట్ల లెక్క సరిపోవాలి. ఇది మూడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. చెట్లు నూరు ఉంటే నూరు చెట్ల కల్లే అమ్మాలి. అయిపోతే తలుపు వేసుకోవాలి. పాత గౌడ్ అట్లాగే చేసేవాడు.

రెండవది, చెట్లు నాటాలి. హరితహారంలో చెరువు గట్ల మీద తాటి, ఈత మొక్కలు పెట్టారు. పెట్టిన మొక్కను పదేళ్లు కాపాడేవాడు కావాలి. మన సభ్యులలో సొంత ఊళ్లలో పొలాలు ఉన్నవారు గట్టు మీద పది తాటిగింజలు పాతండి. ముంజలైనా మనవలు తింటారు.

మూడవది, చెట్టెక్కే మనిషి. 2024 జులైలో ప్రభుత్వం గీతవాళ్లకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. నేను చదివిన ఆ ఎక్స్‌గ్రేషియా కాగితాలు తగ్గితే అంతకన్నా కావలసినది లేదు. గీత కార్మికులకు ఇచ్చే పింఛను 2019లో 2,016 రూపాయలయింది. మన పింఛను ఒకటో తేదీన రెండు రోజులు ఆలస్యమైతే సంఘం ఆఫీసుకు ఎన్ని ఫోన్లు వస్తాయో కార్యదర్శి గారిని అడగండి. ముప్పై ఏళ్లు తాటిచెట్టు ఎక్కి మోకాళ్లు అరిగిన మనిషి 2,016 రూపాయలతో నెల గడుపుతున్నాడు. ఆ మాట కూడా మన వినతిపత్రాలలో ఒక్క పంక్తి ఉంటే మన గౌరవం తగ్గదు.

నాలుగవది, కాంపౌండును బాగు చేసేవారికి ఒక విన్నపం. మరుగుదొడ్లు కట్టండి, మంచినీళ్లు పెట్టండి, నేల కడగండి. ఇవన్నీ కావలసినవే, పూర్వం లేనివే. కాని నీడనిచ్చే చెట్టును కొట్టకండి. గుడాలమ్మే అవ్వను వెళ్లగొట్టకండి. ఆడవాళ్లను గదులలో పెట్టకండి. మూడో సీసా అడిగినవాడిని ఇంటికి పొమ్మనే పెద్దమనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. ఆయన జీతం టీవీల ఖరీదు కన్నా తక్కువే అవుతుంది.

చివరగా మన సభ్యులకు ఒక మనవి. మనలో రెవెన్యూ, సర్వే, అటవీ, సహకార శాఖలలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ మీ ఊళ్లలో ఏ గట్టు మీద ఎన్ని తాళ్లు ఉండేవో, ఏ మండువ ఎక్కడ ఉండేదో మీకు గుర్తు ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. అన్నీ చేర్చి ఒక రిజిష్టరు తయారు చేసే పని నేను చూసుకుంటాను. మంగళ, శుక్రవారాలలో సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు నేను ఆఫీసులోనే ఉంటాను.